కడప ఎండల్లో జింజర్ లిల్లీ

జింజర్ లిల్లీ కడపలో బతకదని అంటుంటారు. మే నెల ఎండ చూసినవాళ్లు అలా అనడంలో వింత లేదు. కానీ మా పెరట్లో వేపచెట్టు కింద అది భుజాల ఎత్తు పెరిగి, వానాకాలమంతా తెల్లగా పూస్తుంది.

మా పుట్టిల్లు మైదుకూరు దగ్గర, కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద. పసుపు చేలల్లోనే పెరిగాను. మైదుకూరు, టేకూరుపేట అని పసుపులో రకాలే ఉన్నాయి. పసుపు, అల్లం, ఏలకులు, ఈ జింజర్ లిల్లీ అన్నీ ఒకే కుటుంబం. పైకి కాండంలా కనిపించేది ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకుల తొడుగులే, అసలు కాండం మట్టిలోని దుంప. అందుకే పసుపుకు చేసే సేవే దీనికీ చేస్తాను. దీని సొంతచోటు తూర్పు హిమాలయాల వైపు తడి నేలలు కాబట్టి మధ్యాహ్నపు ఎండ తగలనివ్వను, పాదు ఆరనివ్వను. మార్చి రాగానే మొక్క మొదలు చుట్టూ ఎండాకులు మందంగా కప్పుతాను. బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే. వేసవిలో ఆకుల అంచులు మాడతాయి. మాడనీ, నాలుగు వానలు పడితే కొత్త పిలకలు వస్తాయి.

పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, చీకటి పడేకొద్దీ వాసన పెరుగుతుంది. "ఇదేంది మే, పసుపు చెట్టుకు మల్లెపూల వాసన!" అంది మొన్న వచ్చిన మా చిన్నమ్మ. ఆ వాసన హాక్ మాత్ అనే పెద్ద రాత్రి పురుగుల కోసం. పూవు కింద సన్నటి పొడవాటి గొట్టం ఉంటుంది, అడుగున తేనె. అంత లోతుకు అందే నాలుక వాటికుంది.

ఒక పూవు కోసి దగ్గరగా చూడండి. రెక్కలనుకునే తెల్లటి వెడల్పు భాగాలు రెక్కలు కావు, రూపం మారిన కేసరాలు. అసలు రెక్కలు వాటి వెనక సన్నటి పీలికల్లా వేలాడుతుంటాయి. పుప్పొడి ఇచ్చే కేసరం ఒక్కటే. వెంట్రుకంత సన్నని కీలం, అంటే పూవులోని ఆడ భాగపు కాడ, దాని గాడిలోంచి పైకి వచ్చి, పుప్పొడి తిత్తుల మధ్యలోంచి తల బయటపెడుతుంది. పసుపు పూవులోనూ ఇలాగే ఉంటుంది. అన్నేళ్లు చేలో తిరిగినా దాన్ని ఇంత దగ్గరగా ఎవరం చూశాం?

ఆసియా మొక్కే అయినా క్యూబాకు ఇది జాతీయ పుష్పం. స్పెయిన్ మీద పోరాడే రోజుల్లో అక్కడి ఆడవాళ్లు ఈ పూలలో రహస్య చీటీలు దాచి చేరవేసేవాళ్లని చెప్పుకుంటారు.

తొలకరికి దుంపలు విడదీస్తాను, కడపలో కావాలన్నవాళ్లకు ఇస్తాను. కనీసం ఒక మొలక కన్ను ఉన్న ముక్క చాలు. కాలువ పక్క ఊళ్లవాళ్లకు మాత్రం ఒక మాట: మిగిలిన దుంపలు నీళ్లలో పారేయకండి. బ్రెజిల్‌లో, హవాయిలో ఇది వాగుల వెంట అల్లుకుపోయి అక్కడి మొక్కలను తొక్కేస్తోంది. ఎక్కువైతే ఎండబెట్టి కాల్చేయండి, లేదా నాకే తెచ్చివ్వండి.