జేబులో ఫోను

సోమవారం, అందులోనూ పెన్షన్లు పడిన వారం. పాస్‌బుక్ ప్రింటర్ పొద్దున్నే మొరాయించింది, పదకొండయ్యేసరికి నా కౌంటర్ ముందు లైను తలుపు దాకా వెళ్లింది. ఆ మాస్టారు రాకపోయి ఉంటే ఇవాళ రాసుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆయన మా బ్రాంచికి కొత్త కాదు. రిటైరై పదేళ్లు దాటి ఉంటుంది. ఎప్పుడొచ్చినా ముందు ఫ్యాను కింద కుర్చీ చూసుకుని, మా అందరి పిల్లల చదువులూ అడిగి, ఆఖర్న వచ్చిన పని చెబుతారు. ఇవాళ నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చి ఎఫ్‌డీ కాగితం నా ముందు పెట్టి "ఇది క్లోజ్ చేసి ఈ అకౌంటుకి ఆర్‌టీజీఎస్ చేసెయ్యమ్మా, అర్జెంటు" అన్నారు. తొమ్మిది లక్షలు. రాసుకొచ్చిన అకౌంటు ఏదో ట్రేడర్స్ పేరున ఉంది, బ్రాంచి ఎక్కడో ఉత్తరాదిన. ఎందుకు మాస్టారూ అంటే "ఇల్లు కొంటున్నాం" అన్నారు, ఎక్కం అప్పజెప్పే పిల్లాడిలా. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే పెన్ను లేదు. ఫోను నిలువుగా పెట్టి ఉంది, కెమెరా బయటికి. మాట మాటకీ ఆయన కళ్లు ఆ జేబు మీదికి వెళ్లి వస్తున్నాయి.

నాకు అనుమానం వచ్చింది. ఇక్కడైనా నిజం రాసుకోవాలి కదా, అనుమానం వచ్చాక కూడా నా వేళ్లు వివరాలు కొడుతూనే ఉన్నాయి. వెనక నుంచి మా ఆఫీసర్ "ఆయన డబ్బు, ఆయన సంతకం, మనకెందుకండీ, లైను చూడండి" అన్నారు. అరవలేదు, మామూలుగానే అన్నారు, పొద్దున్నుంచి ఆయనకీ టీ తాగే తీరిక లేదు. నేను "సరే సార్" అన్నాను. ఎంట్రీ వేసేది నేను, పాస్ చేసేది ఆయన. పాస్ చేసేది ఆయనే కదా, ఆయన చూసుకుంటారులే అని నేను. ఎంట్రీ వేసినావిడ కస్టమర్‌తో మాట్లాడే ఉంటుందిలే అని ఆయన. తప్పు పట్టుకోవడానికి ఇద్దర్ని పెట్టారు, ఆ ఇద్దరం ఒకరి మీద ఒకరం తోసేసుకుని నిశ్చింతగా ఉంటాం.

ఆపింది నేను కాదు. పక్క కౌంటర్లో అమ్మాయి, చేరి రెండేళ్లు కూడా కాలేదు, స్క్రీన్ మీంచి తల తిప్పకుండా "అక్కా, నేనైతే ఇది వెయ్యను" అంది. ఆ ఒక్క ముక్కకి నా చెయ్యి ఆగింది.

దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ చేసినప్పుడు, పైవాళ్లు చెబితే మనుషులు ఎంతదాకా వింటారో చూసిన మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్టు ప్రయోగం గురించి పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. 1961లో అమెరికాలో, యేల్ యూనివర్సిటీలో మొదలుపెట్టాడాయన. పేపర్లో ప్రకటన చూసి వచ్చిన మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి, పక్క గదిలో ఉన్నాయన తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు ఇవ్వమన్నారు, 15 వోల్టుల చొప్పున పెంచుకుంటూ 450 దాకా. షాకులు ఉత్తుత్తివే, మీట నొక్కేవాళ్లకి ఆ సంగతి చెప్పలేదు. 40 మందిలో 26 మంది ఆఖరి మీట దాకా వెళ్లారు. అందరూ ఈ అంకె చెప్పుకుని "అమ్మో, మనుషులు" అని వదిలేస్తారు, అప్పట్లో నేనూ అంతే. అసలు సరుకు ఆ తర్వాత ఏర్పాట్లు మార్చి మార్చి చూసినదాంట్లో ఉంది. షాకు ఇవ్వమని చెప్పే ఆయన గదిలోంచి వెళ్లిపోయి ఫోన్లో చెబితే ఆఖరిదాకా వెళ్లినవాళ్లు ఐదో వంతుకి పడిపోయారు, కొందరైతే పెంచుతున్నామని ఫోన్లో చెబుతూ చిన్న మీటే నొక్కారు. మీట ఇంకొకరు నొక్కుతూ తమది పక్కపని మాత్రమే అయితే 40లో 37 మంది చివరిదాకా కూర్చున్నారు. తోటివాళ్లు ఇద్దరు "మేం చెయ్యం" అని తప్పుకుంటే 40లో నలుగురే మిగిలారు. ఆ ప్రయోగం మీద తర్వాత విమర్శలు చాలానే వచ్చాయి, షాకులు నిజమని అందరూ నమ్మారా అన్నది వాటిలో ఒకటి. అవి కూడా చదివాను. కానీ ఇవాళ పదకొండున్నరకి నేను ఆ 37లో ఉన్నాను, ఆ పిల్ల నోరు విప్పకపోతే అక్కడే ఉండేదాన్ని.

ఓచరు వెనక "ఫోన్లో పోలీసులా?" అని రాసి మాస్టారి వైపు తిప్పాను. చాలాసేపు చూశారు. మాట్లాడలేదు, కళ్లు ఒక్కసారి గట్టిగా మూసి తెరిచారు. "సంతకం కలవడం లేదు మాస్టారూ, లోపలికి రండి" అని జేబులోవాళ్లకి వినబడేలా చెప్పి లంచ్ రూంలోకి తీసుకెళ్లాం. పక్క కౌంటర్ అమ్మాయి ఫోను తీసి కట్ చేస్తుంటే "వద్దమ్మా, కట్ చేస్తే అరెస్టు చేస్తారు" అని రెండు చేతులూ చాపారు.

నిన్న సాయంత్రం ఐదింటి నుంచీ కాల్‌లోనే ఉన్నారట. పోలీసులమన్నవాళ్లు మొదట పేరూ ఊరూ అడిగారు, తర్వాత ఆధార్ నంబరు, తర్వాత తలుపు గడియ పెట్టుకోమన్నారు, ఇంట్లో చెప్పొద్దన్నారు, రాత్రి ఫోను దిండు పక్కన పెట్టి పడుకోమన్నారు. ఒక్కసారే తొమ్మిది లక్షలు ఇమ్మంటే ఆయన ఫోను పెట్టేసి ఉండేవారే. ఇదీ 15 వోల్టుల లెక్కే. ఫోన్లో చెబితే మాట చెల్లడం తగ్గాలి కదా అనుకున్నాను. ఈ దొంగలు ఆ కంత కూడా పూడ్చారు: వీడియోలో యూనిఫాం, వెనక స్టేషను లాంటి గది, రెప్ప వాలితే అడిగే గొంతు. పక్కన "నేనైతే చెయ్యను" అనే మనిషి లేకుండా గడియ. పక్క గదిలో ఉన్న భార్యకి పెన్షన్ పని అని చెప్పారట.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి అంతా చెప్పాం. డబ్బు పోలేదు కాబట్టి నంబర్లు రాసుకున్నారు. ఇలా వీడియో కాల్లో చేసే డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదు మాస్టారూ, 2024లో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా చెప్పారు కదా అంటే ఆయన "తెలుసమ్మా. పేపర్లో చదివి మా ఇంటావిడకి వివరించింది నేనే" అన్నారు. ఆ మాట అన్నాక తల దించుకున్నారు. నాకు ఏమనాలో తోచక మజ్జిగ ప్యాకెట్ కత్తిరించి గ్లాసులో పోశాను.

సగం కొట్టిన ఎంట్రీ క్యాన్సిల్ చేయడానికి వెళ్లొచ్చేసరికి ఫోను మళ్లీ మోగుతోంది. మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని లేచి నిలబడి ఉన్నారు, మజ్జిగ ముట్టలేదు. నన్ను చూసి "ఎత్తనా అమ్మా?" అన్నారు.

"వద్దు మాస్టారూ, ఎత్తకండి."

"సరేనమ్మా" అని ఫోను బల్ల మీద బోర్లించి, గ్లాసు పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నారు, తర్వాత ఏం చెయ్యమంటానో అన్నట్టు నా వైపే చూస్తూ.