ముసురు, చేపల పులుసు, ఒక పాత విమానం

ఆదివారం. పొద్దున్నుంచీ ఒకటే ముసురు. మధ్యాహ్నం అమ్మ చేసిన చేపల పులుసు మారు వడ్డించుకుని మరీ తిని సోఫాలో పడ్డాక, ఏదైనా నవ్వొచ్చే సినిమా పెట్టు నాన్నా అంది మా పిల్ల. హాస్టల్ రోజులు గుర్తొచ్చి 'ఎయిర్‌ప్లేన్!' పెట్టా. 1980 నాటి ఇంగ్లీషు కామెడీ. అప్పట్లో ఒక్క కంప్యూటర్ ముందు పదిమందిమి ఇరుక్కుని, సగం డైలాగులు అర్థం కాకపోయినా పక్కోడు నవ్వాడని నవ్వేసిన సినిమా.

హీరో కౌంటర్లో స్మోకింగ్ టికెట్ తీసుకుంటాడు, చేతికొచ్చిన టికెట్లోంచే పొగ వస్తుంటుంది. నేను పడీపడీ నవ్వుతున్నా, దానికేమో అర్థం కాలేదు. అప్పట్లో విమానంలో సిగరెట్ తాగేవాళ్ళకి వేరే సీట్లుండేవే అని చెప్తే, జోకు కన్నా ఆ ముక్కకి ఎక్కువ నవ్వింది.

ఇంకో చోట ఒక చిన్న పిల్లాడికి కాక్‌పిట్ చూపిస్తారు, అక్కడ కెప్టెన్ వాణ్ణి అడిగే ప్రశ్నలకి ఆ రోజుల్లో విరగబడి నవ్వాం, ఇవాళ పద్నాలుగేళ్ళ పిల్లని పక్కన పెట్టుకుని రిమోట్ ఎక్కడుందా అని తడుముకున్నా. భయంతో అరుస్తున్న ఆవిడని కొట్టడానికి జనం క్యూ కట్టే సీనూ అంతే. క్యూలో వెనకున్నవాళ్ళ చేతుల్లో ఆయుధాలు కనపడగానే నాకు నవ్వాగలేదు, నవ్వాక పిల్ల మొహం చూడలేకపోయా.

కానీ డాక్టర్‌గా లెస్లీ నీల్సన్ వచ్చాక ఇద్దరం ఒకేసారి నవ్వడం మొదలైంది. అంతకుముందు ఆయన ఎక్కువగా సీరియస్ వేషాలే వేశాడు, ఇందులోనూ అదే మొహం, ఎక్కడా 'చూశారా కామెడీ చేస్తున్నా' అన్నట్టు ఉండదు. 'ష్యూర్లీ' అని ఎవరో అంటే తనని షర్లీ అని ఆడపేరుతో పిలిచారనుకునే జోకు అమ్మకి తెలుగులో చెప్పబోయా, నాలుగో వాక్యం దగ్గర అమ్మే "పోన్లేరా" అనేసింది.

అసలు ఇది 1957లో వచ్చిన 'జీరో అవర్!' అనే సీరియస్ సినిమాని ఆటపట్టిస్తూ తీసిన స్పూఫ్. చేప తిన్న పైలట్లు పడిపోవడం, యుద్ధంలో పనిచేసొచ్చిన హీరో విమానం దించడం అన్నీ అందులోవే, 'ఎయిర్‌ప్లేన్!' తీసిన ముగ్గురు దర్శకులూ దాని హక్కులు కొనుక్కుని చాలా డైలాగులు ఉన్నవున్నట్టే వాడేశారు. ఆ పాత సినిమా నేనూ చూళ్ళేదు, అయినా నవ్వొచ్చేసింది. మన స్పూఫులు పెడితే మాత్రం మా పిల్ల "ఇది ఎవర్ని ఇమిటేట్ చేస్తున్నాడు?" అని సీను సీనుకీ అడుగుతుంది, చెప్పేసరికి జోకు చల్లారిపోతుంది. ఇందులో జెట్ విమానానికి పాతకాలం ఫ్యాన్ల విమానం చప్పుడు పెట్టారని అదే కనిపెట్టింది, హాస్టల్లో అన్నిసార్లు చూసినా నాకు తట్టలేదు.

రాత్రి అమ్మ పులుసు వేడి చేసి తెచ్చింది, రెండో పూటకి ముక్క ఇంకా ఊరి బాగుంటుంది కదా. పిల్ల గిన్నె వంక చూసి, నా వంక చూసి, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా, "మరి విమానం ఎవరు దించుతారు?" అంది.