వీధిలో స్పీడ్ బ్రేకర్లు వేయించిన పెద్దావిడ

బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఇళ్ళకు వెళ్ళి వృద్ధులకు సేవ చేయడం నా ఉద్యోగం. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేరడానికి మా కంపెనీ ఇచ్చే సమయం దూరాన్ని బట్టి లెక్కకట్టినదే తప్ప, దారిలో ఎన్నిచోట్ల కారు నెమ్మది చేయాలో చూసి ఇచ్చినది కాదు. ఆ మధ్య ఒక ఉదయం, మాత్రల కోసం ఎదురు చూస్తున్న ఒక పెద్దావిడ ఎందుకింత ఆలస్యమని నన్ను నిలదీసింది. మీ వీధిలో పది ఇళ్ళకొకటి చొప్పున స్పీడ్ బ్రేకర్లు ఉంటే త్వరగా ఎలా రాగలనండీ అన్నాను. "వాటిని వేయించింది నేనే" అని ఆవిడ కోపం లేకుండా, కొంచెం గర్వంగానే చెప్పి, టీ పెట్టమంది.

రెండు పెద్ద రోడ్ల మధ్య అడ్డదారిగా ఆ వీధిలోకి దూసుకొచ్చే కార్ల గురించి ఆవిడ ఏళ్ళ తరబడి మన మున్సిపాలిటీ లాంటి ఇక్కడి కౌన్సిల్‌కు ఉత్తరాలు రాసిందట. ఇక్కడి చట్టం ప్రకారం కౌన్సిల్ ముందుగా పోలీసులను సంప్రదించాలి, పత్రికలోనూ వీధిలోనూ ప్రకటన ఇవ్వాలి, అభ్యంతరాలు చెప్పడానికి కనీసం 21 రోజుల గడువివ్వాలి. లారీలు ఎగిరిపడే చప్పుడుకు నిద్ర పట్టదని పక్కింటివారే అభ్యంతరం రాశారని చెబుతూ ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ మాటలు విన్నప్పటి నుంచి నాకు ఉక్రోషంగానే ఉంది. మీ దేశంలో రోడ్డు నియమాలే ఉండవటగా అని తోటి ఉద్యోగులు సరదాగా అడుగుతూనే ఉంటారు. ఈ దేశస్థులు బోర్డు చూసి వేగం తగ్గించేవాళ్ళే అయితే వీధివీధికీ ఇన్ని స్పీడ్ బ్రేకర్లు ఎందుకు? 2023 సెప్టెంబరులో వేల్స్ ప్రభుత్వం ఇళ్ళ మధ్య రోడ్లపై వేగాన్ని సాధారణంగా గంటకు 20 మైళ్ళకు పరిమితం చేసినప్పుడు, దాన్ని రద్దు చేయమని 4 లక్షల 60 వేలకు పైగా సంతకాలు వచ్చాయి.

కొలతల విషయంలోనూ మనం వెనకబడి లేము. 1970లలో ఇక్కడి రోడ్డు పరిశోధన ప్రయోగశాలలో వాట్స్ అనే ఆయన రూపొందించిన స్పీడ్ బ్రేకర్ బండి వెళ్ళే దిశలో 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గుండ్రంగా ఉంటుంది. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రచురించిన మార్గదర్శకాల్లోనూ అవే కొలతలు ఉన్నాయి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటితే ఒంటికి కుదుపు తెలియకూడదన్నది దాని లెక్క.

అయితే ఏలూరు నుంచి చింతలపూడి వెళ్ళే దారిలో మా ఊరి ముందున్నది ఆ పుస్తకంలోంచి వచ్చినది కాదు. బడి నుంచి వస్తున్న పిల్లవాణ్ణి లారీ గుద్దేసిన రోజు ఊరంతా రోడ్డు మీద బైఠాయించింది. ఎస్సై, తహసీల్దారు వచ్చి మాట ఇచ్చి వెళ్ళారు. ఆ మాట మీద నమ్మకం లేని కుర్రాళ్ళు రాత్రికి రాత్రే కంకర, సిమెంటు కలిపి అడ్డంగా ఒక గోడలాంటిది పోశారు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చి రసీదుతో తిరిగొచ్చిన అనుభవం ఉన్నవాళ్ళెవరూ ఆ కుర్రాళ్ళను తప్పుపట్టలేరు. పెద్దావిడకు ఏళ్ళు పట్టిన పని మా ఊళ్ళో ఒక్క రాత్రిలో పూర్తయిందని నాలో నేను వాదించుకుంటాను గానీ, ఆవిడ వీధిలో అప్పటికి ఎవరూ చనిపోలేదన్న సంగతి దగ్గర ఆ వాదన ఆగిపోతుంది.

ఇక్కడ నాకు నిజంగా అసూయ కలిగించేవి బస్సు తిరిగే వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లు. రోడ్డు మొత్తానికి కాకుండా, మధ్యమధ్య ఖాళీలు వదిలి చిన్న దిమ్మెల్లా వేస్తారు. కారు చక్రం ఎలాగూ ఎక్కక తప్పదు గానీ, చక్రాల మధ్య ఎడం ఎక్కువున్న బస్సూ అంబులెన్సూ వాటిని కాళ్ళ మధ్యకు తీసుకుని సాఫీగా వెళ్ళిపోతాయి. మన రాష్ట్రంలో 2005లో వచ్చిన 108 బండి ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మనందరికీ తెలుసు. నెలలు నిండిన మా పిన్ని కూతుర్ని అదే బండిలో ఏలూరు తీసుకెళ్తుంటే, ఊరూరా ఉన్న ఆ గోడల దగ్గర డ్రైవరు బండిని నడకకంటే నెమ్మదిగా ఎక్కించి దించాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది.

మా ఊరి స్పీడ్ బ్రేకర్‌కు ఇప్పటికీ రంగు లేదు, ముందు బోర్డూ లేదు. చీకట్లో దాని మీద బైకుల వాళ్ళు పడుతూనే ఉన్నారు. తెల్లచారలైనా వేయించమని ఫోన్లో అన్నయ్యను అడిగాను. అది ఆర్ అండ్ బీ వారి రోడ్డనీ, పంచాయతీ చెయ్యి పెట్టకూడదనీ సర్పంచి అన్నాడట. రాత్రికి రాత్రి కాంక్రీటు పోసినప్పుడు అడ్డురాని నిబంధన ఒక డబ్బా రంగుకు అడ్డొచ్చింది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ డబ్బా నేనే కొంటానన్నాను. మామూలు రంగు రాత్రిపూట లారీవాడికి ఆనదనీ, హెడ్‌లైటు పడితే మెరిసే రకమే తీసుకోవాలనీ అన్నయ్య చెప్పాడు.