వదిన హెచ్ ఇండెక్స్ 8 నించి 5కి దిగిన కథ

సంక్రాంతికి సోంపేట వెళ్ళినప్పుడు కనుమ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వదిన ఓ ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. "బావూ, నువ్వు లైబ్రరీలో చేసేది ఈ పనే కదా, నా పేపర్లన్నీ ఒక దగ్గర చేర్చి పెట్టవా, వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంది, అప్లికేషన్‌లో హెచ్ ఇండెక్స్ రాయమంటున్నారు" అంది. మన రీసెర్చ్ పేపర్లని ఇంకెన్ని పేపర్లలో ఉదహరించారో (దాన్నే సైటేషన్ అంటారు) చూసి వేసే ఒక అంకె అది. నేను శ్రీకాకుళంలో ఒక కాలేజీ లైబ్రరీలో చేస్తున్నా, రీసెర్చ్ పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో మా లెక్చరర్లకి ప్రొఫైళ్ళు నేనే పెడుతుంటా కాబట్టి గంటలో అయిపోద్దనుకున్నా. నాలుగు సాయంత్రాలు పట్టింది.

వదిన మొదట మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో స్టాఫ్ నర్సు. ఆ తర్వాత ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి ఇప్పుడు పాఠాలు చెప్తోంది. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు సంగతి మన జిల్లా వాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, షుగరూ లేదు బీపీ లేదు అయినా కిడ్నీలు పోతాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, అందుకే నీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళూ రక్తం తీసుకెళ్ళేవాళ్ళూ వస్తూనే ఉంటారు. అలా వచ్చిన ఒక బయాలజీ టీమ్‌తో వదిన ఐస్ బాక్స్ పట్టుకుని జీడితోటల మధ్య ఇల్లిల్లూ తిరిగింది. ఆ ఊళ్ళ వాళ్ళు ఎవరికి పడితే వాళ్ళకి చెయ్యి చాపి రక్తం ఇవ్వరు, "మా సిస్టరమ్మ" వచ్చిందంటేనే ఇస్తారు. అలా నాలుగు బయాలజీ పేపర్లలో ఈవిడ పేరు చేరింది, ఒకదాంట్లో ఆరో పేరు, ఒకదాంట్లో చివరి నించి రెండోది. నర్సింగ్‌లో సొంతంగా రాసినవి ఐదు, అన్నింట్లోనూ మొదటి పేరు ఈవిడదే. మొత్తం తొమ్మిది.

ఈ తొమ్మిదీ ఇంటర్నెట్‌లో నలుగురు మనుషుల పేర్ల మీద ఉన్నాయి!

మన పేర్లతో వచ్చే చిక్కే ఇది. మనకి ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరం. వదినకి పెళ్ళికి ముందు 'పి', పెళ్ళయ్యాక 'బి'. పేపర్ల వివరాలు చేర్చిపెట్టే డేటాబేసులు తయారు చేసినవాళ్ళ లెక్కలో చివర ఏ మాట ఉంటే అదే ఇంటిపేరు, కాబట్టి వదిన ఇంటిపేరు 'కుమారి' అయిపోయింది. దేశంలో ఎంతమంది కుమారులు... సారీ, ఎంతమంది కుమారిలు ఉంటారో ఆలోచించండి, వాళ్ళందరూ ఒకే ఇంటివాళ్ళయిపోయారన్నమాట. ఒక పేపర్లో పి.కుమారి, ఒకదాంట్లో బి.కుమారి, ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో స్పెల్లింగే వేరు. పెళ్ళయి ఇంటిపేరు మారిన ప్రతి ఆడపిల్లకీ ఈ బాధ ఉంటుంది, ఇది వాళ్ళ తప్పు కాదు.

దీనికి మందు ఆర్కిడ్ (ORCID) నంబర్. 2012 నించీ ఉంది, 16 అంకెలు, ఫ్రీ. పేరు ఎన్నిసార్లు మారినా మనిషికి ఒకటే నంబర్, పాత పేర్లు కూడా అందులో రాసుకోవచ్చు. రీసెర్చ్ చేసే ప్రతి నర్సూ మొదటి పేపర్ పంపకముందే ఇది తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం, పది నిమిషాల పని.

సరే, గూగుల్ స్కాలర్ తెరిచా. వదిన అంతకుముందే ఎవరో స్టూడెంట్ చేత ప్రొఫైల్ చేయించుకుంది, అందులో హెచ్ ఇండెక్స్ 8 అని ఉంది. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నాకెందుకో అనుమానం వచ్చి కిందకి లాగి చూస్తే వేరుశనగ తిక్క తెగులు మీద ఓ పేపర్, రొయ్యల చెరువుల మీద ఇంకోటి, ఇలా ఏవేవో ఉన్నాయి. అవన్నీ వేరే కుమారిలవి! గూగుల్ తనంతట తనే పేరు చూసి కలిపేస్తుంది, మనం చూసుకుని తీసెయ్యాలి, చాలామంది చూసుకోరు.

వదినకి చూపించా. "తీసెయ్" అంది. అప్పుడే అక్కడికి వచ్చిన తెలిసినాయన ఒకరు "ఉండనీయమ్మా, ఇంటర్వ్యూలో ఎవరు విప్పి చూస్తారు" అన్నారు. వదిన ఆయన వైపు కూడా చూడలేదు. "ఆ తెగులు పేపర్ రాసినామె ఎన్ని ఎండల్లో చేలో నిలబడిందో, తీసెయ్ బావూ" అంది మళ్ళీ. ఒక్కొక్కటీ టిక్ పెట్టి తీసేశా.

మిగిలిన తొమ్మిది పేపర్ల సైటేషన్లు పెద్ద నించి చిన్నకి పేరిస్తే 41, 23, 12, 6, 5, 3, 1, సున్నా, సున్నా. హెచ్ ఇండెక్స్ అంటే తెలియనివాళ్ళకి ఇదే లెక్క: ఐదో పేపర్‌కి కనీసం ఐదు సైటేషన్లు ఉన్నాయి, ఆరో దానికి ఆరు లేవు, మూడే ఉన్నాయి, కాబట్టి 5. పదీ అంతకన్నా ఎక్కువ సైటేషన్లు ఉన్నవి మూడు, అంటే ఐ టెన్ ఇండెక్స్ 3. దీన్ని 2005లో హోర్హే హిర్ష్ అని కాలిఫోర్నియాలో ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ కనిపెట్టాడు. ఫిజిక్స్ వాళ్ళని ఫిజిక్స్ వాళ్ళతో పోల్చడానికి పెట్టిన కొలతని తెచ్చి సోంపేట నర్సు మీద పెడుతున్నాం, అదీ నా బాధ.

ఎందుకంటే చూడండి, మొత్తం 91 సైటేషన్లలో 81 ఆ నాలుగు బయాలజీ పేపర్లవే. సొంతంగా రాసిన ఐదు నర్సింగ్ పేపర్లకి కలిపి పది. అంటే ఐస్ బాక్స్ మోసిన పనికి 81, తలపెట్టి ఆలోచించి రాసిన పనికి 10. బయాలజీలో ల్యాబులు ఎక్కువ, పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపర్ కింద యాభై అరవై రిఫరెన్సులు, కాబట్టి సైటేషన్లు గలగలా పడతాయి. నర్సింగ్ పేపర్ని చదివేది వార్డులో ఉన్న సిస్టరు, ఆవిడ చదివి పేషెంట్ దగ్గర వాడుతుంది, అంతేగానీ డ్యూటీ దిగాక కూర్చుని ఇంకో పేపర్ రాయదు. సైటేషన్ అనేది పేపర్ రాసేవాళ్ళ నించే వస్తుంది, వాడుకున్నవాళ్ళ నించి రాదు.

అలా అని నర్సింగ్‌లో పెద్ద పేపర్లు లేవని కాదు. లిండా ఐకెన్ టీమ్ 2002లో పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు చూసి వేసిన పేపర్ ఉంది, ఒక నర్సు మీద ఒక్క పేషెంట్ అదనంగా పడితే ఆపరేషన్ అయినవాళ్ళు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని, దాన్ని వేల పేపర్లలో ఉదహరించారు. మన దగ్గర ఒక్కో సిస్టరుకి ఎంతమంది పేషెంట్లో వార్డులోకి వెళ్ళిన ఎవరికైనా తెలుసు.

ఇంకో సంగతి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు ఉన్నది బయాలజీ పేపరే, 1951లో లౌరీ వాళ్ళు ప్రొటీన్ కొలిచే పద్ధతి రాసింది, 2014లో లెక్క తీసేసరికే మూడు లక్షలు దాటింది. గొప్ప సిద్ధాంతం ఏమీ కాదు, ల్యాబులో రోజూ పనికొచ్చే కొలత, అంతే. అలాంటి కొలత మనవాడిదీ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు, నీలం రంగు ఎంత చిక్కగా వస్తే అంత ఫాస్ఫరస్ అన్నమాట. దానికీ వేల సైటేషన్లు ఉన్నాయి. కానీ ఉద్దానంలో డయాలసిస్ పేషెంట్ చేతిలో ఉండే రిపోర్ట్ చూడండి, క్రియాటినిన్ కిందే ఎక్కడో ఫాస్ఫరస్ అని ఉంటుంది. ఆ లైను పక్కన సుబ్బారావు గారి పేరు ఎవరూ రాయరు. బాగా వాడుకలో కలిసిపోయిన పనికి పేరు రాలిపోతుంది, ఇది వదినకి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ తర్వాత లోపలికి వెళ్ళి బీరువాలోంచి ఇంకో కాగితాల కట్ట తెచ్చింది. సున్నా సైటేషన్ల పేపర్లలో ఒకటి. అన్నిటికన్నా ఎక్కువ కష్టపడి రాసింది ఇదేనంట. డయాలసిస్ వాళ్ళకి డాక్టరు రోజుకి ఇన్ని ఎంఎల్ నీళ్ళే అని చెప్తారు, మన ఊళ్ళో ముసలమ్మకి ఎంఎల్ అంటే ఏం తెలుస్తుంది, పైగా ఆవిడ దృష్టిలో నీళ్ళంటే నీళ్ళే, చోడి అంబలీ మజ్జిగా చారూ లెక్కలోకి రావు. వదిన ఏం చేసేదంటే ఒక వాటర్ బాటిల్ మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత పెట్టేది. పొద్దున్నే గీత వరకూ నీళ్ళు పొయ్యి, రోజంతా దాహానికి అవే, మధ్యలో అంబలి తాగితే తాగినంత నీళ్ళు అందులోంచి పారబొయ్యి, బాటిల్ ఖాళీ అయితే ఇంక రేపే. ఆ పద్ధతి మీద రాసిన పేపర్ అది. డబ్బు కట్టమన్న ఒక జర్నల్‌కి పంపింది, మూడు రోజుల్లో యాక్సెప్టెడ్ అని మెయిల్ వచ్చింది, రివ్యూ కామెంట్ ఒక్కటి కూడా లేదు. డబ్బు కోసం ఏదైనా వేసేసే దొంగ జర్నళ్ళు ఉంటాయని అప్పట్లో ఈవిడకి తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు. ఇప్పుడు ఆ వెబ్‌సైటే లేదు. లింక్ నొక్కితే ఏదో షాపింగ్ పేజీ తెరుచుకుంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆవిడ మూడు నెలల జీతం లాంటి పని అది, గాల్లో కలిపేశారు.

కిందటి వారం మా పెదనాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్ళా. పక్క బెడ్ ఆవిడ సంచిలో ఓ కూల్‌డ్రింక్ బాటిల్, దాని మీద ఎర్ర గీత. అక్కడి సిస్టరమ్మని అడిగా, చాలా చిన్నపిల్ల, "మా సీనియర్ సిస్టర్ చెప్పారండి, మేమందరికీ ఇలాగే పెడతాం" అంది. ఆ సీనియర్ ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ పిల్లకి తెలియదు. ఇది ఏ స్కాలర్‌లోనూ పడదు.

వదినకి ఫోన్ చేసి ఆ పేపర్ వదిలెయ్యొద్దన్నా. ఆ జర్నల్ వాళ్ళు కాపీరైట్ ఫారం కూడా తీసుకోలేదు, కాబట్టి ఆవిడ రాసింది ఆవిడదే. ఆదివారం కాగితాలన్నీ స్కాన్ చేశా, పిన్ను తుప్పు పట్టి నాలుగో పేజీలో టేబుల్ మీద మరక పడింది, ఆ అంకెలు వదిన తన పాత నోట్‌బుక్ చూసి చెప్తే మళ్ళీ టైప్ చేశా. జెనోడో అని యూరప్‌లో సెర్న్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు నడిపే వెబ్‌సైట్ ఉంది, అందులో ఫ్రీగా పెట్టుకోవచ్చు, డీఓఐ అని పేపర్‌కి మారని చిరునామా లాంటి నంబర్ ఇస్తారు, ఇక లింక్ పోయే భయం లేదు. ఎప్పుడు ఎక్కడ అచ్చయ్యిందో కూడా దాచకుండా రాశాం.

ఇంటర్వ్యూ అయిపోయింది, ఫారంలో 5 అనే రాసింది, రిజల్ట్ ఇంకా రాలేదు. డీఓఐ వచ్చిన రాత్రే వదినకి ఫోన్‌లో అంకె అంకె చదివి వినిపించా. మెసేజ్ పెడతానన్నా వినలేదు, "ఉండు, పెన్ను తెచ్చుకుంటా" అని వెళ్ళి, పాల లెక్క రాసే క్యాలెండర్ మీద రాసుకుని, రెండుసార్లు మళ్ళీ నాకు అప్పజెప్పింది.