పక్క మంచం

నా కిడ్నీలు పనిచేయవు, మిషన్‌తో రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మీద ఉన్నాను. వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. నాలుగేళ్లుగా నా బతుకు ఈ లెక్క మీదే నడుస్తోంది. నాకిప్పుడు 71. మిషన్‌కు రక్తం పంపే సూదుల కోసం ఎడమ చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా చేశారు. దాని మీద వేలు ఆనిస్తే జివ్వుమని అదురుతుంది. పొద్దున లేవగానే ముందు అదే చూసుకుంటాను. అదురు ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

సూదులకు అలవాటు పడ్డాను. నీళ్లు కొలుచుకుని తాగడానికీ పడ్డాను. రెండేళ్లు నా పక్క మంచం మీద ఉన్న ఆయన ఒకరోజు రాలేదు. సిస్టర్‌ని అడిగితే తల ఎత్తకుండా మిషన్‌కు ట్యూబులు తగిలిస్తూ ఉండిపోయింది. తర్వాతిసారికి దుప్పటి మార్చి ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. ఆయన పేరు మళ్లీ ఎవరి నోటా రాలేదు.

అప్పటి నుంచి నాకు దేని మీదా మనసు నిలవలేదు. నిద్ర లేదు, ఆకలి లేదు, ఒకటే నీరసం. కిడ్నీ జబ్బులో ఇవన్నీ మామూలే అనుకున్నాం. డిప్రెషన్‌లోనూ ఇవే లక్షణాలుంటాయి, అందుకే మాలాంటివాళ్లలో అది ఓ పట్టాన బయటపడదు. ఈ వయసులో ఇదంతా ఎందుకని ఇంట్లో అంటే, "నాన్నా, అలాంటి మాటలొద్దు" అని మా అమ్మాయి లేచి వెళ్లిపోయేది.

చివరికి డాక్టరుగారినే అడిగాను, డయాలసిస్ మానేస్తే ఏమవుతుందని. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కిడ్నీలు బొత్తిగా పనిచేయకపోతే చాలామంది ఒకటి రెండు వారాల్లో పోతారని, అప్పుడు కూడా నొప్పి, ఆయాసం తగ్గించే వైద్యం ఉంటుందని దాచకుండా చెప్పారు. వయసు సంగతి ఎత్తితే, కోల్ఫ్ అనే డాక్టరు తయారుచేసిన డయాలసిస్ మిషన్ 1945లో మొట్టమొదట బతికించింది 67 ఏళ్ల ఆవిడనే అన్నారు. "మీకు మానేయాలని ఉందా?" అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. మానేయాలని లేదు. ఒంట్లో ఓపిక పూర్తిగా అయిపోయిన రోజున మాత్రం నన్ను ట్యూబుల మధ్య పట్టి ఉంచొద్దు, ఇంటికి తీసుకెళ్లండి అన్నాను.

కౌన్సెలింగ్‌కు పంపారు. కొన్ని నెలలకు నిద్ర దారిలో పడింది. నా కోరికలన్నీ మా అమ్మాయి చేతే కాగితం మీద రాయించాను. రెండుసార్లు పెన్ను పక్కన పెట్టేసింది, అయినా పూర్తి చేసింది.

పోయిన వారం ఇంకో మంచం ఖాళీ అయింది. ఈసారి నేనే గట్టిగా అడిగాను. సిస్టర్ వచ్చి చెప్పింది. ఆ 4 గంటలూ మేమంతా ఆ మంచం మీది ఆవిడ గురించే మాట్లాడుకున్నాం.