ఉత్తరపు గాలి తరువాత మూడో రోజు

తెల్లవారుజామున నాలుగింటికి దుకాణం తలుపు తీయగానే వచ్చినవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: “ఎరకు బతికున్న రొయ్యలు ఉన్నాయా?” డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలా రోజులు లేవనే చెప్పాలి. హ్యూస్టన్ నుంచి గంటసేపు కారు నడుపుకుంటూ వచ్చిన మనిషి ఖాళీ బకెట్టుతో నిలబడి ఉంటే ఆ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

టెక్సస్‌లో గాల్వెస్టన్ అఖాతం ఒడ్డున మా బావగారికి పెట్రోలు బంకు ఉంది. దాన్ని ఆనుకుని గాలాలు, ఐసు, ఎరలు అమ్మే చిన్న దుకాణం. అక్క పెట్టిన వీసా దరఖాస్తు పద్నాలుగేళ్లకు ఫలించి 2018లో నేను ఇక్కడికి వచ్చాను. మాది కాకినాడ దగ్గరి ఉప్పాడ. తాత, నాన్న ఇద్దరూ వేటకు వెళ్లి బతికినవాళ్లే. “సముద్రం సంగతి నీకు తెలిసినంత మాకెవరికీ తెలియదు” అని బావగారు ఎరల దుకాణం నా చేతిలో పెట్టారు. నేనూ అలాగే అనుకున్నాను. మొదటి చలికాలం రాగానే నాకు తెలిసింది ఉప్పాడ సముద్రం మాత్రమేనని అర్థమైంది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా చొక్కా ఒంటికి అంటుకునేంత ఉక్క. దక్షిణం నుంచి తేమగాలి. సాయంత్రానికి ఉత్తరాన ఆకాశం అంచున ముదురు నీలపు గీత ఒకటి లేచింది. ఇక్కడివాళ్లు దాన్ని బ్లూ నార్తర్ అంటారు. గాలి ఒక్కసారిగా దిశ మార్చుకుంది. కొన్ని గంటల్లోనే పది పదిహేను డిగ్రీల వేడి తగ్గిపోయింది. రాత్రంతా బంకు పైకప్పు రేకులు దడదడలాడుతూనే ఉన్నాయి. మర్నాడు తెల్లవారి బయటికి వచ్చి చూస్తే ఎదురుగా నీళ్లు లేవు. నిన్న పడవలు ఊగిన చోట నల్లటి బురద, ఆ బురదలోంచి పైకి లేచిన ఆయిస్టర్ గుల్లల గుట్టలు, మధ్యలో ఒంటరిగా ఒక కొంగ. వెంటనే ఫోనులో తిథి చూశాను. అమావాస్యకు ఇంకా వారం ఉంది.

నాన్నకు ఫోను చేస్తే నమ్మలేదు. అక్కడ సాయంత్రం ఆరున్నర, కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. “అమావాస్యా పున్నమీ కాకుండా నీళ్లు అంతలా ఎలా తీస్తాయిరా?” అన్నాడు.

తరువాత తెలిసింది, ఈ తీరంలో పోటుకూ పాటుకూ తేడా మామూలుగా ఒకటి రెండు అడుగులే. గాల్వెస్టన్ అఖాతం చూడడానికి చాలా పెద్దది, పదిహేను వందల చదరపు కిలోమీటర్లకు పైమాటే. కానీ సగటు లోతు రెండు మీటర్లు. పళ్లెంలో పోసిన నీళ్లలాంటిది. ఉత్తరపు గాలి ఒకటి రెండు రోజులు ఏకధాటిగా వీస్తే ఆ నీటిని దక్షిణాన ఉన్న ముఖద్వారం గుండా బయటి సముద్రంలోకి తోసేస్తుంది. చలికాలంలో ఇక్కడ నీటిమట్టం చెప్పాల్సింది పంచాంగం కాదు, గాలే.

రొయ్యల కొరతకూ కారణం ఆ చలిగాలే. పెద్దవి ముందుగానే బయటి సముద్రానికి తరలిపోతాయి. మిగిలినవి చలి పెరిగితే బురదలో దూరి కదలవు, వలకు చిక్కవు. దొరికిన కొద్దిపాటి రొయ్యలను దుకాణంలోని ఉప్పునీటి తొట్టెలో కాపాడుకోవడమే నా పని. గాలి బుడగల పంపు ఆగకూడదు. చచ్చినవాటిని వెంటవెంటనే తీసేయాలి, లేకపోతే నీరు చెడి మిగతావీ పోతాయి. తొడుగులు వేసుకుంటే రొయ్య బతికి ఉన్నదీ లేనిదీ వేళ్లకు తెలియదు. అందుకే ఒట్టి చేత్తోనే దేవుతాను. బతికిన రొయ్య ఎంత చలిలోనైనా వేలు తగలగానే తోకను ఒక్కసారి విదిలిస్తుంది. చచ్చినది మెత్తగా వేలికి చుట్టుకుంటుంది. జనవరి వచ్చేసరికి నా వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి ఉప్పునీరు తగిలితే భగ్గుమంటుంది. రాత్రి కొబ్బరి నూనె రాసుకుని పడుకుంటాను.

ఈ చలికాలపు సముద్రం గురించి నాకు చెప్పినవాడు ఒక వియత్నాం పెద్దాయన. యుద్ధం ముగిసిన 1975 తరువాత ఈ తీరానికి వచ్చి రొయ్యల వేటలో స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆయనదీ అలాంటి కుటుంబమే. ఇప్పుడు పడవ లేదు, గాలం మాత్రం వదల్లేదు. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అయినా గాలి గురించి, నీళ్ల గురించి మాట్లాడుకోవడానికి మాకు మాటలు తక్కువ పడలేదు.

“గాలి వీస్తున్నప్పుడు వెళ్లకు. ఆగిన రోజూ వెళ్లకు. మూడో రోజు వెళ్లు, అదీ మధ్యాహ్నం” అన్నాడాయన. తెల్లవారకముందే వల వేయాలని పెరిగిన నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఆయనతో వెళ్లి చూశాకే తెలిసింది. నీటి వేడి పది డిగ్రీల కిందికి జారితే ట్రౌట్ చేపకు ఒళ్లు స్వాధీనంలో ఉండదు. లోతున్న ఓడల కాలువలోకో, తవ్విన కాలువల్లోకో దిగి కదలకుండా ఉండిపోతుంది. గాలి తగ్గి ఎండ కాస్తే ముందు వేడెక్కేది నల్ల బురద నేల. ఆ వెచ్చదనానికి కొయ్యింగ చేపలు పైకి వచ్చి ఎగురుతాయి, వాటి వెనకే పెద్ద ట్రౌట్లు వస్తాయి. అక్కడ ఎరను విసిరి, లాగుతున్నామా లేదా అన్నంత నెమ్మదిగా లాగాలి. చేప ఎరను గుంజదు. దారం చివర ఏదో కాస్త బరువు చేరినట్టు ఉంటుంది, అంతే. ఆ బరువును గుర్తుపట్టడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది.

ఇక్కడ అందరూ వెంటపడే ట్రౌట్, రెడ్‌ఫిష్ రెండూ మన కచిడి కుటుంబానివే. మగ కచిడి ఒక్కటి పడితే ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా ఆ ధర గురించే మాట్లాడుకుంటారు. దానికి దాయాదిలాంటి రెడ్‌ఫిష్‌ను మొదటిసారి పైకి లాగినప్పుడు అది కడుపులోంచి డప్పు కొట్టినట్టు చప్పుడు చేసింది. ఆ చప్పుడు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ క్షణంలో ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ గుర్తుంది.

గాలి మళ్లీ దక్షిణానికి తిరిగితే ఇంకో చిక్కు, పొగమంచు. తేమగాలి చల్లని నీటి మీదికి రాగానే ఎదుటి మనిషి కనిపించడు. పెద్ద ఓడల రాకపోకలు కూడా నిలిచిపోతాయి. అలాంటి ఉదయాల్లో చిన్న పడవ తీసుకుని బయలుదేరేవాళ్లను ఆపడానికి ఏదో ఒక మిషతో మాట్లాడిస్తూ, ఇంకో కప్పు కాఫీ పోస్తాను. అది నా బాధ్యతే అనుకుంటాను.

2021 ఫిబ్రవరి గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. టెక్సస్ అంతా గడ్డకట్టిన వారం అది. కరెంటు పోయింది, పంపు ఆగింది, తొట్టెలో రొయ్యలన్నీ చచ్చిపోయాయి. అది మాకు నష్టమే. కానీ ఒడ్డున చూసినదాని ముందు అది ఎంత? నీళ్ల వేడి ఏడు డిగ్రీల దిగువకు పోతే ట్రౌట్‌కు ప్రాణగండం. లోతుకు చేరుకోలేనివి తేలిపోయాయి. తీరం పొడవునా కనీసం 38 లక్షల చేపలు చచ్చాయని రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్కకట్టింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ దక్షిణాన ఉన్న లగూనా మాద్రె అనే ఉప్పునీటి సరస్సుకు తగిలింది. సౌత్ పాడ్రె ద్వీపంలో చలికి కొయ్యబారిన వేలాది తాబేళ్లను జనం మోసుకొచ్చి ఒక సభామందిరం నేలంతా వరసగా పడుకోబెట్టారు. పెద్దాయన ఆ వారం దుకాణానికి వచ్చి ఏమీ కొనకుండా, 1983లోనూ 1989లోనూ ఇలాగే జరిగిందని చెప్పి వెళ్లిపోయాడు.

తరువాత నిబంధనలు బిగించారు. 2024 నుంచి ట్రౌట్ మనిషికి రోజుకు మూడే. అవీ పదిహేను అంగుళాల నుంచి ఇరవై లోపువి, అంతకంటే పెద్దవాటికి వేరే లెక్క. కొందరు కౌంటరు దగ్గర నా మీద విసుక్కుంటారు. నేను మాత్రం ఆ నిబంధన పక్షమే. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపేస్తారు. ఆ 61 రోజులు మా ఇంట్లో ఎలా గడిచేవో నాకు తెలుసు. పస్తులు తెలిసిన నాన్న కూడా ఏ రోజూ ఆ నిషేధాన్ని తప్పుపట్టలేదు. గుడ్డు మీదున్న చేపను పడితే మరుసటి ఏడాది వల ఖాళీగా వస్తుందనేవాడు.

మొన్న జనవరిలో మళ్లీ ఉత్తరపు గాలి వచ్చింది. మర్నాడు ఫోను చేస్తే నాన్న నా ఆరోగ్యం కంటే ముందు గాలి ఎటువైపని అడిగాడు.

“ఉత్తరమే నాన్నా. రాత్రికి తగ్గుతుందట.”

“ఇవాళ ఎన్నో రోజు?”

“రెండోది.”

కాసేపు వల కండె కదులుతున్న చప్పుడు వినిపించింది.

“అయితే రేపు మధ్యాహ్నం దుకాణం బావకు అప్పగించి వెళ్లు. నల్ల బురద ఉన్న వైపు వెయ్యి” అన్నాడు.