ఎవరూ అడగని క్యాప్సూల్స్

నిన్నటితో నా టీబీ కోర్సు అయిపోయింది. 6 నెలలనుకున్నది 9 నెలలు పట్టింది.

కళ్లె పరీక్ష, ఎక్స్‌రే, మందులు చేతికందడం అన్నీ వారంలో అయిపోయాయి. మొదటి 2 నెలలూ నాలుగు మందులు. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు, కంగారు పడలేదు.

ఊపిరితిత్తుల్లో వాపు తగ్గితే త్వరగా కోలుకుంటానని పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్ క్యాప్సూల్స్ నా అంతట నేనే మొదలుపెట్టాను. ఆ నాలుగు మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్ వల్ల కాలేయానికి తగిలే దెబ్బను అది తగ్గించిందని చదివాను. ఆ ప్రయోగాలు ఎలుకల మీద చేసినవన్న సంగతి పట్టించుకోలేదు.

ఆరో వారంలో వాంతులు, కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 40 లోపు ఉండాల్సింది 310 వచ్చింది. మందులన్నీ ఆపేశారు.

"ఇంకేమైనా వాడుతున్నావా?" అని డాక్టరు మొదటిసారి అడిగింది అప్పుడే. సీసా తీసి ఇచ్చాను. ఆ డాక్టరు దాన్ని పైకెత్తి, వరుసలో కూర్చున్న అందరికీ చూపిస్తూ, "చదువుకున్నోళ్లే ఇట్లా చేస్తే మిగతావాళ్ల సంగతేంటి?" అన్నాడు. పక్కనున్న ముసలాయన నావైపు చూసి తల తిప్పుకున్నాడు. నోరు పెగల్లేదు నాకు. చెప్పకుండా వాడటం నా తప్పే. కానీ మొదటిరోజు కాగితంలో వయసు, బరువు, సిగరెట్లు, తాగుడు అన్నీ అడిగారు. ఇంకేం మింగుతున్నావని ఒక్క గడీ లేదు. అడగనివాళ్లకు తిట్టే హక్కు ఎక్కడిది?

తర్వాత ఇంకో డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. సీసా మీద చిన్న అక్షరాల్లో పైపరిన్ అని ఉంది. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు కాబట్టి మిరియాల్లోని ఆ పదార్థం కలుపుతారు. అదే రిఫాంపిసిన్‌ను కూడా రక్తంలో పెంచగలదు. ఈ గుణాన్ని వాడుకుని రిఫాంపిసిన్ మోతాదు తగ్గించిన మాత్ర కూడా ఉంది, కాకపోతే అందులో లెక్క ఉంటుంది. వాపంతా శత్రువు కాదని కూడా ఆమే చెప్పింది. క్రిముల చుట్టూ ఒళ్లు కట్టుకునే గోడ దానితోనే నిలుస్తుంది. కీళ్లవాతంలో వాపు తగ్గించడానికిచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆ గోడను సడలించి, నిద్రపోతున్న టీబీని లేపుతుందని 2001లోనే బయటపడింది. మెదడు పొరల టీబీకి స్టెరాయిడ్ ఇస్తారు, అదీ డాక్టరు లెక్కగట్టి, టీబీ మందులతో పాటే.

మీరు ఏ మొక్క మందు వాడుతున్నా సీసాతో సహా మొదటిరోజే చూపించండి. వాళ్లు అడగకపోయినా సరే.

ఎస్‌జీపీటీ దిగాక రిఫాంపిసిన్, కొన్ని రోజులకు ఐసోనియాజిడ్, ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టారు, మధ్యమధ్య రక్తం తీస్తూ. నాలుగింట్లో ఇంకొకటైన పైరజినమైడ్ ఇక ఇవ్వలేదు, అందుకే 9 నెలలు. దెబ్బతీసింది అదో, నా క్యాప్సూలో, రెండూ కలిసో ఇప్పటికీ తేలలేదు.